రెండు నాలుకల గది

ఆగండి, ఆగండి. పేజీ తిప్పేముందు ఒక్క నిమిషం ఆగి నా మాట వినండి. పోయినవారం మిమ్మల్ని మెట్ల మీద నిలబెట్టి వెళ్లిపోయాను, నాకు తెలుసు. టైలరక్క మెడలో కొలతల టేపుతో మూడంతస్తులు ఎక్కొచ్చి, "చెల్లీ, ఆ మంగళవారం మీ బాబాయ్ మాట్లాడింది నాకొకసారి వినిపిస్తావా?" అని అడిగింది. "అదెంత పనక్కా, రేపు చూస్తా" అని నేను నవ్వాను. అక్కడ ఆపాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. ఎందుకో చెప్తాను. ముందు, ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కల్లో కథ అందించాలి, పాతవాళ్లు కాస్త ఓర్చుకోండి.

మాదో చిన్న రేడియో. మూడో అంతస్తులో ఒక గది, గోడల నిండా గుడ్ల అట్టలు, తలుపు మీద ఎర్ర బల్బు. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా మా కార్యక్రమం, పేరు 'మూడు కుర్చీలు'. మొదటి కుర్చీ మార్కెట్, అందులో కూర్చునేది మా బాబాయ్. నాన్నకి సొంత తమ్ముడు. కానీ ఊరు ఊరంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది, ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా. రెండో కుర్చీ రాజకీయం, అది మేష్టారిది. ముప్ఫై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పారు, ఇప్పుడు నగరసభలో ఉన్నవాళ్లలో సగంమంది ఆయన చేతిలో బెత్తం తిన్నవాళ్లే. మూడో కుర్చీ ఆటలు, అది నాది. నన్నిక్కడ అందరూ స్కోరమ్మ అంటారు. రికార్డు చేయడం, కత్తిరించడం, మీటలు నొక్కడం కూడా నా పనే, ఎందుకంటే ఆటలకి ఇచ్చే జీతం ఆటలాడుకోవడానికే సరిపోతుంది.

జనం మమ్మల్ని ఎందుకు వింటారంటే, మేం ఒకరి కూర ఒకరి గిన్నెలో వేసి కలిపేస్తాం. షేరు పడితే బాబాయ్ "క్లీన్ బౌల్డ్, మిడిల్ స్టంప్ ఎగిరిపోయింది" అంటాడు. మా టీమ్ ఓడితే మేష్టారు "కెప్టెన్ మీద అవిశ్వాసం నెగ్గింది" అంటారు. ఎన్నికలొస్తే నేను టాసు గురించీ పిచ్ గురించీ మాట్లాడతాను. రెండున్నర నెలల క్రితం మా ముగ్గురికీ ఒకే వార్త దొరికింది. ఊళ్లో కొత్త క్రికెట్ స్టేడియం కట్టాలా వద్దా అని నగరసభ ఓటు వేయాలి. ఓటు నెగ్గితే కట్టే పని ఒక సిమెంటు కంపెనీకి వెళ్తుంది. అంటే ఓటు మేష్టారిది, సిమెంటు షేరు బాబాయ్‌ది, స్టేడియం నాది. నెల్లాళ్లు అదే మాట్లాడాం. ఊరు ఆ షేరు కొంది. బస్ డిపోలో ముప్ఫై ఏళ్లు ఇంజన్లు విప్పి, ముందే రిటైరైపోయిన మా నాన్న తనకొచ్చిందంతా అందులో పెట్టాడు. కింద కొట్లో బట్టలు కుట్టే టైలరక్క, ఆ అద్దె కొట్టు ఎప్పటికైనా సొంతం చేసుకోవాలని పదేళ్లుగా దాచింది అందులో పెట్టింది.

మంగళవారం సాయంత్రం ఓటింగ్. స్టేడియం ఓడిపోయింది. బుధవారం షేరు సగానికి కూలింది, వారం తిరిగేసరికి ఆ సగంలోనూ సగం.

నాన్న స్కూటర్ అమ్మేశాడు. టీలో చక్కెర మానేశాడు. ఎక్కడికెళ్లినా నడకే, ఎండలో కూడా. అమ్మ టైలరక్క దగ్గరకెళ్లి "నాకేదైనా పనుంటే ఇవ్వమ్మా" అని అడిగింది. టైలరక్క తనకున్న రెండు కుట్టుమిషన్లలో ఒకటి అమ్ముకున్న మనిషి. అయినా చొక్కాలకి గుండీలు కుట్టే పని విడిగా తీసి అమ్మకిచ్చింది. "మీవారికి కూడా నాలాగే పోయింది కదా అత్తా, ఉన్నది చెరిసగం" అందట. నెలాఖరులోగా డబ్బు కట్టకపోతే కొట్టు వేరేవాళ్లకి అమ్మేస్తానని యజమాని తనకి చెప్పేశాడు. అది మాత్రం అమ్మతో అనలేదు, నాతోనే అంది.

ఇదీ వెనకటి కథ. ఇక ఈ పొద్దున సంగతి.

ఆరుంబావుకే స్టూడియోకి వచ్చాను. గదిలో ఇంకా ఎవరూ లేరు. కింద నుంచి ఒక్క మిషన్ చప్పుడు వస్తోంది, ఇదివరకు రెండు మిషన్లూ పోటీపడి మోగేవి, లైవ్‌లో మేం ఊపిరి పీల్చుకునే సందులో శ్రోతలకి కూడా వినిపించేది. మంగళవారం ఫైలు తీశాను. టైలరక్క అనుమానం ఒకటే. "బాబాయ్ ఎక్కడో ఒకచోట జాగ్రత్త అని చెప్పే ఉంటాడు చెల్లీ. నేనే కుట్టు ధ్యాసలో పడి వదిలేసుంటా. మా ఆయన రోజూ అదే అంటున్నాడు, నీకు సగం విని ఎగరడం అలవాటు అని. నా తప్పెక్కడుందో నా చెవులతో వింటే మనసు కుదుటపడుతుంది."

హెడ్‌ఫోన్ పెట్టుకుని గంటసేపటి ఫైలులో మార్కెట్ ముక్క మొత్తం రెండుసార్లు విన్నాను. జాగ్రత్త లేదు. ఆచితూచి అనే మాట లేదు. ఉన్నది ఇది: "ఇవాళ సాయంత్రం ఓటు. చేతిలో ఉన్నవాళ్లు వదలొద్దు. లేనివాళ్లకి మార్కెట్ తొమ్మిదింటికి తెరుస్తారు, తలుపు దగ్గర తోసుకోకండి." వెంటనే మేష్టారు, "ఓటు మన జేబులో ఉంది, గుండీ కూడా పెట్టేశాం." ఆ తర్వాత ఫోన్‌లో నేను. నేనారోజు పొరుగూరి మ్యాచ్‌లో ఉన్నాను. ఊపిరి తిప్పుకోకుండా కొత్త స్టేడియం వర్ణిస్తున్నాను. ముప్ఫై వేల సీట్లట, రాత్రిపూట ఆకాశం కనపడనన్ని దీపాలట, చిన్నపిల్లలకి విడిగా నెట్స్ అట. నా గొంతు వింటుంటే నాకే స్టేడియం కళ్లకి కట్టింది.

టైలరక్క ఒకసారి అంది, అప్పుడు నేను పట్టించుకోలేదు. "నువ్వా దీపాల గురించి చెప్తుంటే చెల్లీ, ఆ పొద్దున ఇంకో నలభై కొన్నా."

సరే, ఇదంతా బాధే కానీ నేరం కాదు కదా అనుకున్నాను. జోస్యం తప్పింది, అందరికీ తప్పుతుంది, మా టీమ్ గెలుస్తుందని నేను వారం వారం చెప్తూనే ఉంటాను. ఫైలు మూసేస్తూ పక్కనున్న బుధవారం సంచీ మీద చెయ్యి పడింది. కంప్యూటర్లో ఫోల్డర్లని మేం సంచీలనే అంటాం. తెరిచాను.

ఇక్కడ మా గది పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. ఫలితం తేలని వార్త ఏదున్నా మేం ముందురోజే రెండు రకాలుగా రికార్డు చేసి పెట్టుకుంటాం. గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. గెలిచేదాన్ని తీపి నాలుక అంటాం, ఓడేదాన్ని నల్ల నాలుక అంటాం. ఏది నిజమైతే అది వేస్తాం, రెండోది తుడవకుండా సంచీలోనే పడేస్తాం. మనకి తెలియని అంకె ఎక్కడొస్తుందో అక్కడ మాట ఆపి రెండు క్షణాలు ఖాళీ వదులుతాం, తర్వాత అంకె చదివి అతికిస్తాం. ఎన్నికకైనా, మ్యాచ్‌కైనా, షేరుకైనా ఇదే పద్ధతి. నేను చేరిన మూడేళ్లలో ఒక్క నాలుకతో ఉన్న సంచీ చూడలేదు.

బుధవారం సంచీలో ఒక్కటే నాలుక ఉంది. నల్లది.

రికార్డు చేసిన వేళ చూశాను. సోమవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఓటింగ్‌కి ఒక రోజు పైన. నేనప్పుడు పొరుగూరి బస్సులో ఉన్నాను, గురువారం గానీ తిరిగి రాలేదు. మీట నొక్కాను. ముందు బాబాయ్ కుర్చీ కిర్రుమంది, దానికా జబ్బు ఎప్పటినుంచో ఉంది. తర్వాత మేష్టారి దగ్గు. తర్వాత బాబాయ్ గొంతు, నీళ్లు నిండిన గొంతు: "ఏం చెప్పమంటారు. మన స్టేడియం మనకి దక్కలేదు. ఏడుగురు గోడ దూకారు."

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఖాళీ లేదు. అంకె దగ్గర రెండు క్షణాల ఖాళీ ఉండాలి. "ఏడుగురు" అని గడగడా చెప్పేశాడు. మంగళవారం సాయంత్రం గోడ దూకినవాళ్లు సరిగ్గా ఏడుగురే.

చూడండి, నేను లెక్కల్లో మొద్దుని, కానీ ఈ కూడిక నా అంతట నేనే చేసుకోగలిగాను. సోమవారం మధ్యాహ్నానికి వీళ్లకి ఫలితం తెలుసు. ఎంత బాగా తెలుసంటే, గెలుపు నాలుక రికార్డు చేయడం కూడా దండగనుకున్నారు. అంతా తెలిసి మంగళవారం పొద్దున లైవ్‌లో కూర్చుని, వదలొద్దు, కొనుక్కోండి అన్నారు.

అప్పుడే తలుపు తోసుకుని బాబాయ్ వచ్చాడు, చేతిలో టీ ఫ్లాస్కు.

"ఏంటి స్కోరమ్మా, కోడి కూడా కూయకముందే క్రీజులోకొచ్చావ్. మన టీమ్‌లో ఎవడైనా సెంచరీ కొట్టాడా ఏంటి?"

హెడ్‌ఫోన్ తీగ లాగేసి స్పీకర్ పెట్టాను. కిర్రుమన్న కుర్చీ, దగ్గు, "ఏడుగురు గోడ దూకారు." గది నిండా ఆయన గొంతే.

ఆయన ఫ్లాస్కు మూత తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. మళ్లీ తిప్పాడు. టీ పోసుకున్నాడు. నాకూ పోశాడు.

"తీపిది ఏది బాబాయ్?"

"ఏ తీపిది?"

"ఈ సంచీలో ఒకటే నాలుకుంది. గెలిస్తే వేయాల్సింది ఏది?"

"టైమ్ చాల్లేదులే ఆ రోజు."

"మరి అంకె? ఏడుగురని సోమవారమే ఎలా తెలుసు? నోటికొచ్చిన అంకె చెప్పావా? అయితే లాటరీ టికెట్ కొనుక్కో, సిమెంటు షేర్లెందుకు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు, అది కిర్రుమంది. ఆ చప్పుడుకి ఇద్దరం స్పీకర్ వైపు చూశాం.

"మేష్టారి శిష్యుడొకడు ఫోన్ చేశాడు," అన్నాడు చివరికి. "దూకేవాళ్లలో వాడూ ఒకడు. గురువుగారికి చెప్పకుండా దూకడం బాగుండదని ఆశీర్వాదం అడిగాడు. చాలా వినయం గల కుర్రాడు."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వకపోతే ఏం చేయమంటావ్ తల్లీ. చూడు, నువ్వు చిన్నదానివి. నేను మైకులో 'అమ్మేయండి' అన్నాననుకో, పది నిమిషాల్లో ఊరంతా తలుపు మీద పడేది. అప్పుడు షేరు మంగళవారమే చచ్చేది. నాకెలా తెలిసిందని పోలీసులు అడిగేవాళ్లు. మేష్టారి శిష్యుడు జైలుకి, వాడి వెనకాల మేమూ."

"అయితే నోరు మూసుకుని ఊరుకోవాల్సింది. కొనమని ఎవరు చెప్పమన్నారు?"

"నెల్లాళ్లు రోజూ చెప్పినవాణ్ని ఆ ఒక్కరోజు చెప్పకపోతే? బాబాయ్ ఎందుకు మూగపోయాడు అని అదే వార్తయ్యేది. నేను ఊరుకున్నా మాట్లాడినట్టే అమ్మా. నా బతుకు అలాంటిది."

వాదన బాగానే ఉంది అనిపించింది, ఒక్క క్షణం. ఆయన గొంతులో ఏదైనా బాగానే ఉంటుంది, అందుకే కదా ఊరు వింటుంది. కానీ నాకో ప్రశ్న పంటి కింద రాయిలా తగిలింది.

"నువ్వు అమ్మేశావా?"

టీ తాగాడు.

"బాబాయ్. నీ షేర్లు నువ్వెప్పుడమ్మావ్?"

"మంగళవారం."

"మంగళవారం ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి. ఇంకెన్నింటికి, అప్పుడే కదా తెరిచేది."

"సోమవారమే తెలిసిందన్నావ్. సోమవారం మూడింటికే అమ్మేయొచ్చుగా. ఎందుకాగావ్?"

కింద మిషన్ ఆగింది, మళ్లీ మొదలైంది. నేనే చెప్పాను, చెప్తుంటే నా నోట్లోనే చేదు ఊరింది.

"సోమవారం కొనేవాళ్లు లేరు. ఓటు ఏమవుతుందోనని అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. మంగళవారం పొద్దున ఏడింటికి నువ్వు చెప్పావ్, మేష్టారు చెప్పారు, నేను దీపాల గురించి చెప్పాను. తొమ్మిదింటికి జనం ఎగబడ్డారు. అప్పుడమ్మావ్."

"కొనేవాళ్లుంటేనే కదమ్మా అమ్మగలం." చాలా నెమ్మదిగా అన్నాడు, చంటిపిల్లకి ఎక్కం చెప్పినట్టు. "మార్కెట్ అంటే అదే."

"టైలరక్క ఆ పొద్దున నలభై కొంది."

"నేనేం ఆవిడకి అమ్మలేదు. ఎవరిది ఎవరికెళ్తుందో ఎవరికి తెలుసు. అక్కడ మొహాలు కనపడవు."

"కనపడితే అమ్మేవాడివి కాదా?"

ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. నేను ఆగి ఉంటే బాగుండేది. అక్కడితో ఆగి, ఆ ఫైలు పట్టుకుని మెట్లు దిగిపోయి ఉంటే ఈ వారం కథ మీకు ఇంకోలా చెప్పేదాన్ని. కానీ కోపం వచ్చినప్పుడు నాకు నాన్న గుర్తొస్తాడు. ఎండలో నడిచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుకునే నాన్న.

"పోనీ వాళ్లంతా పరాయివాళ్లు. సొంత అన్న గుర్తురాలేదా నీకు? ముప్ఫై ఏళ్లు గ్రీజులో మునిగి సంపాదించుకున్నది నీ మాట మీద పెట్టాడు. స్కూటర్ అమ్ముకున్నాడు బాబాయ్. టీలో చక్కెర మానేశాడు. అమ్మ ఇంటింటి చొక్కాలకి గుండీలు కుడుతోంది. ఆయనకొక్క ఫోన్ చేయడానికి నీకు చేతులు రాలేదా?"

బాబాయ్ నా వైపు చూశాడు. మొదటిసారి ఆయన మొహంలో భయం కనిపించింది. మార్కెట్ గురించి కాదు, పోలీసుల గురించీ కాదు.

"మీ నాన్న నీకు చెప్పలేదా?" అన్నాడు.

"ఏం చెప్పలేదా?"

"వదిలేయ్ తల్లీ."

"ఏం చెప్పలేదా అంటున్నా."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. వదిలేయ్, ఏడవుతోంది, మేష్టారొచ్చేస్తారు."

నేను ఫోన్ తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకోబోయి మళ్లీ తనే వదిలేశాడు. నాన్న మూడో రింగుకి ఎత్తాడు.

"ఏమ్మా, టిఫిన్ డబ్బా మర్చిపోయావా?"

"నాన్నా, స్కూటర్ ఎందుకమ్మావ్?"

మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది.

"పక్కన తమ్ముడున్నాడా?" అన్నాడు నాన్న.

అంతే. అంతకంటే ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అయినా అడిగాను, దెబ్బ తగిలిన చోటే మళ్లీ నొక్కి చూసుకుంటాం కదా, అలా.

"ఎప్పుడమ్మావ్ నాన్నా? షేర్లు."

"మంగళవారం... తొమ్మిదింటికి. వాడు సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు. మీ అమ్మ అప్పుడు ఇంట్లో లేదు. పైసా పోలేదు తల్లీ. ఇంకా కొంచెం ఎక్కువే వచ్చింది. నీ పేరు మీదే వేశా బ్యాంకులో. నీకు ఒక దారి చూపిద్దామని." ఆగాడు. "వీధిలో అందరికీ పోయింది. నాకొక్కడికే పోలేదంటే ఏమనుకుంటారు? తమ్ముడి పీకకి చుట్టుకుంటుంది కదా. అందుకని స్కూటర్..."

"అందుకని చక్కెర."

"అలవాటైపోయింది లేమ్మా."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. తెలిస్తే ఆవిడ ఒక్కరోజు కడుపులో దాచుకోలేదు. నీకు తెలుసుగా."

"అమ్మేది?"

"కుట్టిన చొక్కాలు ఇచ్చొస్తానని టైలరమ్మ కొట్టుకి బయల్దేరింది."

ఫోన్ పెట్టేశాను. ఆరు వారాలు. ఆరు వారాలుగా నేను జీతం తెచ్చి నాన్న చేతిలో పెడుతుంటే కళ్లు దించుకుని తీసుకున్నాడు. ఆ దించుకున్న కళ్లు చూసి గర్వం దెబ్బతిందనుకుని బాత్రూంలో కొళాయి తిప్పి మరీ ఏడ్చాను. అమ్మ వేళ్లకి సూది గుచ్చుకుంటే చూస్తూ కూర్చున్నాడు. చెరిసగం అని చెప్పి తన పనిలో సగం మాకిచ్చిన మనిషి డబ్బే మాకొచ్చిందేమో, మొహాలు కనపడవు కాబట్టి ఎవరికీ తెలియదు.

"అన్నకొక నాలుక, ఊరికొక నాలుక," అన్నాను.

"అన్న కదమ్మా," అన్నాడు బాబాయ్. "నువ్వైనా అంతే చేస్తావ్."

"టైలరక్క?"

"ఆవిడ శ్రోత."

అప్పుడే మేష్టారొచ్చారు, మఫ్లర్ విప్పుతూ. గదిలో గాలి చూసే పసిగట్టారు. ముప్ఫై ఏళ్లు క్లాసులో ఎవడు కాపీ కొట్టాడో మొహం చూసి చెప్పిన మనిషి.

"వినేసిందా?" అన్నారు బాబాయ్‌తో, నేను అక్కడ లేనట్టు.

"మేష్టారూ, మీరెన్ని అమ్మారు?"

"నేనసలు షేర్లు ముట్టను. జీవితంలో ఒక్కటి కొనలేదు. అది జూదం." ఎంత గర్వంగా చెప్పారంటే, నేను క్షమాపణ అడగాలేమో అనిపించింది.

"మరి ఓటు మన జేబులో ఉందని, గుండీ పెట్టామని ఎందుకన్నారు?"

"అది విశ్లేషణ," అన్నారు. "తప్పవచ్చు."

"సోమవారమే తప్పింది కదండీ."

ఆయన అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఇంత శుభ్రంగా తుడిచిన అద్దాలు నేనెక్కడా చూడలేదు.

"ఈ నల్లది తుడిపేయాల్సింది కదా బాబాయ్," అన్నాను. "ఇన్ని తెలిసినవాడివి, ఇది మాత్రం ఎందుకుంచావ్?"

ఆయన తలదించుకున్నాడు. తర్వాత చెప్పిన మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మంచి టేకు తల్లీ అది. ఆ బాధ మళ్లీ పలకదు."

ఎర్ర బల్బు వెలిగింది. ఏడు.

పాట అయిపోయింది. ముగ్గురం కుర్చీల్లో సర్దుకున్నాం. మీరు నమ్మరు, కానీ బాబాయ్ నోరు తెరవగానే మామూలు బాబాయే. "శుభోదయం, శుభోదయం, నిద్ర లేవనివాళ్లకి కూడా శుభోదయం. నిన్న బ్యాంకు షేర్లు రన్ తీయబోయి మధ్యలో జారిపడ్డాయి." మేష్టారు, "మంత్రివర్గంలో కూడా అదే పరిస్థితి, ఇద్దరూ ఒకే వైపు పరిగెత్తారు." నేను చెప్పాల్సిన స్కోరు చెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తులేదు, తర్వాత విని చూసుకోవాలి. నోరు దాని పని అది చేసుకుపోయింది. అప్పుడర్థమైంది, ఈ గదిలో అందరి నోళ్లూ అలాగే పనిచేస్తాయి. మూడేళ్లుగా నాదీ అంతే.

ఏడూ ఇరవైకి శ్రోతల ఫోన్లు. రెండో లైను మెరిసింది. ఎత్తాను.

"నమస్కారం. నేను కింద కొట్టు టైలర్ని."

బాబాయ్ చెయ్యి బల్ల మీద బిగుసుకుంది.

"చెప్పండమ్మా," అన్నాడు, గొంతులో మాత్రం తేనె.

"ఏం లేదు బాబాయ్ గారూ, మీకు ఇబ్బందైతే వద్దు. మీరా మంగళవారం మాట్లాడిన ముక్క చెల్లిని అడిగా. తను వెతుకుతోందంట. కొట్టు ఖాళీ చేసే రోజు దగ్గరపడింది, ఈ లోపు ఒకసారి వింటే బాగుండనిపించింది. మీరు జాగ్రత్త చెప్పే ఉంటారు, నేనే సరిగా వినలేదేమో. తప్పు నాదైతే నాదేనని ఒప్పుకుని మా ఆయన ముందు తలదించుకుంటా, గొడవ వదులుతుంది. అందరూ వింటుండగానే వేయండి, నాకేం సిగ్గు లేదు. ఇదిగో, పక్కన చెల్లి వాళ్లమ్మగారు కూడా ఉన్నారు, గుండీలు కుట్టిన చొక్కాలు పట్టుకొచ్చారు. ఆవిడ కూడా వింటానంటున్నారు. ఆవిడకీ పోయింది కదా, పాపం."

వెనకాల అమ్మ గొంతు వినిపించింది. "రేడియో శబ్దం పెంచమ్మా," అంటోంది.

నా ముందు బల్ల మీద రెండు ఫైళ్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి మంగళవారం పొద్దుటిది, తను అడిగింది. అది వేస్తే తన తప్పేం లేదని తనకి తెలుస్తుంది. బాబాయ్‌కి జోస్యం తప్పిందని ఊరు నిట్టూర్చి ఊరుకుంటుంది. నాన్న రేపు కూడా నడిచే వెళ్తాడు, నా పేరు మీద బ్యాంకులో డబ్బు పెరుగుతూ ఉంటుంది, నెలాఖరుకి కింద రెండో మిషన్ కూడా ఆగిపోతుంది. రెండోది సోమవారం మూడూ పదిది. రికార్డు చేసిన వేళ మైకులో చెప్పి అది వేస్తే కుర్చీ కిర్రుమంటుంది, ఏడుగురు గోడ దూకుతారు, ఊరంతా వింటుంది. ఊరికంటే ముందు, చేతిలో సూదితో నిలబడ్డ మా అమ్మ వింటుంది. వినగానే, సోమవారమే తెలిసిన తమ్ముడు సొంత అన్నకైనా చెప్పలేదా అని నాన్నని అడుగుతుంది.

బాబాయ్ మైకు మీద అరచెయ్యి మూసి నా వైపు వంగాడు. బెదిరించలేదు. బతిమాలాడు. "మొదటిది వెయ్యి తల్లీ. మీ నాన్న కోసం."

మేష్టారు గడియారం చూసుకున్నారు. లైనులో టైలరక్క ఊపిరి వినిపిస్తోంది, దాని వెనక అమ్మ గాజుల చప్పుడు. రేడియోలో మౌనం ఐదు క్షణాలు దాటితే జనం స్టేషన్ మార్చేస్తారు. నాలుగయ్యాయి.

నా వేలు రెండు మీటల మధ్య ఉంది. చెప్పండి, ఈ మూడో కుర్చీలో మీరే కూర్చుని ఉంటే ఏది నొక్కేవారు?